ఓడరేవు నుంచి గని దాకా: భారీ యంత్రం ప్రయాణం, డ్రైవర్ అడిగి తీసుకోవాల్సిన కాగితాలు

విశాఖ నుంచి రాజమండ్రి వైపు హైవే మీద వెళ్తున్నప్పుడు మీరు ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ముందు పసుపు లైటు తిరిగే జీపు, ఎర్ర జెండాలు, దాని వెనక నెమ్మదిగా కదిలే పొడవాటి ట్రైలర్. పైన టార్పాలిన్ కప్పిన ఇనుప కొండలాంటి సామాను. రెండు లైన్లూ ఆక్రమించేస్తుంది. వెనక బస్సు డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, కారులో వాళ్లు విసుక్కుంటుంటారు. ‘ఇంత పెద్దది రోడ్డు మీదికి ఎందుకు తెస్తారు?’ అని మనమూ అనుకుంటాం.

కానీ ఆ ట్రైలర్ క్యాబిన్‌లో కూర్చున్నది మన వీధి మనిషే కావచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ పని నేర్చుకుని స్టీరింగ్ పట్టినవాడో, అప్పు చేసి సొంత ట్రైలర్ కొనుక్కున్నవాడో, ఇంకా లైసెన్స్ రాని క్లీనర్ కుర్రాడో. లారీ పని మీద రోజీ-రోటీ నడిచే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. మామూలు సరుకు తోలే డ్రైవర్‌కు కిరాయి కాస్త ఎక్కువ వస్తుందని ఎవరో చెప్తే ఇలాంటి భారీ లోడుకు ఒప్పుకుంటాడు. ఆ పనికి చట్టం వేరు, లెక్క వేరు, ప్రమాదమూ వేరు అని దారిలో ఎవరో ఆపినప్పుడే తెలుస్తుంది.

అందుకే ఈ వ్యాసం. ఓడ దిగిన యంత్రం పని జరిగే చోటికి ఎలా చేరుతుంది, ఎవరెవరి అనుమతి కావాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది, జరిగితే ఎవరి మీద పడుతుంది అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

‘ఓడీసీ’ అంటే ఏమిటి?

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో ‘ఓడీసీ లోడు’ అనే మాట వింటాం. ఓవర్ డైమెన్షనల్ కార్గో అనేదానికి అది పొట్టి పేరు. రోడ్డు మీద తిరిగే బండికి, దాని మీది సరుకుకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) కొలతలు పెట్టాయి. అందులో 93వ నిబంధన ప్రకారం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ఎత్తుకు, పొడవుకు కూడా బండి రకాన్ని బట్టి హద్దులు ఉన్నాయి. విడదీయడానికి వీల్లేని ఒకే వస్తువు ఈ హద్దులు దాటితే అది ఓడీసీ.

ఇది ఏదో రాకెట్ భాగాలకు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు మాత్రమే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. మన ఊళ్లో చెరువు పూడిక తీసే మామూలు పొక్లెయిన్‌నే తీసుకోండి. 20 టన్నుల తరగతి యంత్రం వెడల్పు సాధారణంగా 2.8 మీటర్లు. అంటే హద్దు కంటే దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ. ట్రైలర్ మీద అటు పది, ఇటు పది సెంటీమీటర్లు బయటికి వస్తుంది. కంటికి ఆనదు. చట్టానికి మాత్రం అది ఓడీసీయే.

ఇక పెద్దవాటి సంగతి. బొగ్గు గనుల్లో తిరిగే 100 టన్నుల తరగతి డంపర్ వెడల్పు ఆరు మీటర్లు దాటుతుంది. ఖాళీ బండి బరువే 70 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్కో టైరు మనిషి కంటే ఎత్తు. దీన్ని ఉన్నదున్నట్టు రోడ్డు మీద తేలేం. అందుకే ఛాసీ వేరు, వెనక తొట్టి వేరు, టైర్లు వేరుగా విప్పి తెస్తారు. కొన్నిసార్లు తొట్టిని కూడా ముక్కలుగా తెచ్చి గని దగ్గర వెల్డింగ్ చేస్తారు. విప్పగలిగింది ఏదైనా విప్పి పంపడమే ఈ పనిలో మొదటి సూత్రం. విప్పలేనిది మిగిలితే దానికే ప్రత్యేక అనుమతి అడగాలి.

ఓడ దిగిన దగ్గర

తెలంగాణకు సముద్రం లేదు. కాబట్టి విదేశీ యంత్రం ఏదైనా విశాఖపట్నం, కృష్ణపట్నం, చెన్నై, ముంబై లాంటి రేవుల్లో ఒకచోట దిగి రోడ్డు పట్టాల్సిందే. ఉదాహరణకు విశాఖలో దిగిన యంత్రం కొత్తగూడెం వైపు బొగ్గు గనికి వెళ్లాలి అనుకుందాం. దూరం సుమారు 350 కిలోమీటర్లు లెక్క వేసుకుందాం.

చక్రాలు లేదా ట్రాక్ చైన్ ఉన్న యంత్రాలైతే కొన్ని ఓడల్లోంచి నేరుగా నడిపించుకుంటూ దించుతారు. మిగతావి పక్కగోడలు, పైకప్పు లేని ఫ్లాట్ ర్యాక్ కంటైనర్ల మీద వస్తాయి. లేదా విడిగా వస్తే క్రేన్‌తో దించుతారు. దిగాక కస్టమ్స్ దగ్గర బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి, సుంకం కట్టాలి, సరుకు వదలమని కస్టమ్స్ ఉత్తర్వు రావాలి, షిప్పింగ్ కంపెనీ నుంచి డెలివరీ ఆర్డర్ తీసుకోవాలి. ఇవన్నీ క్లియరింగ్ ఏజెంట్ చూసుకుంటాడు.

రేవులో సరుకు ఉచితంగా ఉంచుకోవడానికి కొన్ని రోజులే గడువు. ఆ తర్వాత రోజుకింత అని అద్దె పడుతుంది. కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినా వేరే అద్దె. అందుకని దిగుమతిదారుకు తొందర. ‘పర్మిట్ రేపు వస్తుంది, బండి ఈ రాత్రి బయటికి తీయండి’ అనే ఫోన్ ఇక్కడే పుడుతుంది. ట్రాన్స్‌పోర్టర్ ఆ మాట డ్రైవర్‌కు చేరవేస్తాడు. రేవు అద్దె ఆదా అయ్యేది ఒకరికి, రోడ్డు మీద దొరికేది మరొకరు.

ఏ బండి మీద?

మామూలు ఫ్లాట్ ట్రైలర్ తట్టు నేల నుంచి దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. దాని మీద మూడు మీటర్ల యంత్రం ఎక్కిస్తే మొత్తం నాలుగున్నర మీటర్లు. అందుకే ఇలాంటి లోడుకు లోబెడ్ ట్రైలర్ వాడతారు. దాని తట్టు నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులోనే ఉంటుంది. ఆ అరమీటరే ఒక్కోసారి వంతెన కింద నుంచి దాటగలమా లేదా అన్నది తేలుస్తుంది.

తర్వాత బరువు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి యాక్సిల్‌కు 11.5 టన్నులు, రెండు యాక్సిళ్ల జతకు 21 టన్నులు, మూడు యాక్సిళ్ల గుంపుకు 27 టన్నులు. పుల్లర్, ట్రైలర్, సరుకు అన్నీ కలిపి మొత్తం 55 టన్నులు దాటకూడదు. ఇరవై టన్నుల పొక్లెయిన్‌కు ఇది సరిపోతుంది. 60 టన్నుల ఛాసీకి చాలదు.

అప్పుడు రంగంలోకి దిగేది మాడ్యులర్ హైడ్రాలిక్ ట్రైలర్. దూరం నుంచి చూస్తే జెర్రిలా కనిపిస్తుంది. ఒక్కో వరుసకు ఎనిమిది టైర్లు. ఎన్ని వరుసలు కావాలంటే అన్ని కలుపుకోవచ్చు. ఒక్కో వరుస మీద 18 టన్నుల దాకా అనుమతి ఉంది. ఆరు వరుసలు వేస్తే 48 టైర్లు, ట్రైలర్ సొంత బరువుతో కలిపి 108 టన్నుల దాకా మోయొచ్చు. లోపల ఉండే హైడ్రాలిక్ ఆయిల్ వల్ల గుంతలో ఒక చక్రం దిగినా బరువు అన్నిటి మీదా సమానంగా పంచుకుంటుంది. వెనక చక్రాలు కూడా తిరుగుతాయి. తట్టును కొన్ని అంగుళాలు పైకి లేపొచ్చు, కిందికి దించొచ్చు. తక్కువ ఎత్తు వంతెన వస్తే దించి దాటిస్తారు.

రోడ్డుకు నష్టం చేసేది మొత్తం బరువు కాదు, ఒక్కో టైరు కింద పడే బరువు. అందుకే ఇన్ని చక్రాలు. చూడడానికి భయంకరంగా ఉండే ఈ బండి, సరిగ్గా వేస్తే, ఇసుక ఓవర్‌లోడ్ చేసిన టిప్పర్ కంటే రోడ్డుకు తక్కువ కీడు చేస్తుంది.

లోడు కట్టడం

యంత్రం ట్రైలర్ మీదికి ఎక్కినంత మాత్రాన పని అయిపోదు. పొక్లెయిన్ అయితే బూమ్ కిందికి మడిచి, బకెట్ చెక్క మీద ఆనించి, పైభాగం తిరగకుండా లాక్ వేయాలి. కింద రబ్బరు మ్యాట్ లేదా చెక్క స్లీపర్లు పెట్టాలి, ఇనుము మీద ఇనుము జారుతుంది కాబట్టి. నాలుగు మూలలా చైన్లు వేసి బైండర్‌తో బిగించాలి. బూమ్‌కు, బకెట్‌కు విడిగా ఇంకో చైన్. మొదటి కొన్ని కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ బిగించాలి. కుదుపులకు చైన్ వదులవుతుంది.

చాలామంది మర్చిపోయే పని ఇంకొకటి ఉంది. లోడు ఎక్కాక టేపుతో కొలవాలి. కంపెనీ కాగితంలో ఉన్న ఎత్తు యంత్రానిది మాత్రమే. ట్రైలర్ తట్టు, కింద స్లీపర్లు, పైన సైలెన్సర్ గొట్టం కలిపితే ఎంతో డ్రైవర్‌కు తెలియాలి. ఆ సంఖ్య క్యాబిన్‌లో కళ్ల ముందు రాసి పెట్టుకోవాలి. తర్వాత కాటా మీద తూకం వేయించి చీటీ దగ్గర ఉంచుకోవాలి.

దారి ముందే చూసి రావాలి

మామూలు లారీకి గూగుల్ మ్యాప్ చాలు. దీనికి చాలదు. బండి కదలక ముందే ఒక జట్టు కారులో ఆ దారంతా తిరిగి వస్తుంది. దీన్ని రూట్ సర్వే అంటారు. వాళ్లు చూసేవి ప్రధానంగా నాలుగు.

మొదటిది వంతెనలు. విశాఖ నుంచి కొత్తగూడెం పోవాలంటే గోదావరి దాటక తప్పదు. రాజమహేంద్రవరం దగ్గర 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఉంది, 2015లో తెరిచిన నాలుగో వంతెన ఉంది. కారుకు రెండూ ఒకటే. భారీ లోడుకు కాదు. ఎంత బరువును ఏ వంతెన మీదికి పంపొచ్చో ఇంజినీర్లు చెప్పాలి. నదుల మీది పెద్ద వంతెనల కంటే కాలువల మీది పాత కల్వర్టులే ఎక్కువగా దారి మార్పిస్తాయి. దగ్గరి దారి అనుకున్నది ఒక్క కల్వర్టు వల్ల పనికిరాకుండా పోతుంది.

రెండోది ఎత్తు. కొత్త హైవేల మీద ఫ్లైఓవర్ల కింద సాధారణంగా 5.5 మీటర్ల ఖాళీ ఉంచుతారు. పాత రైల్వే వంతెనల కింద అంత ఉండదు. పైన రైలు కరెంటు తీగ ఉన్న లెవెల్ క్రాసింగ్‌ల దగ్గర రెండు వైపులా ఇనుప అడ్డు కడతారు. అది సుమారు 4.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని పైన ఉన్న తీగలో 25,000 వోల్టులు. లోడు అంతకంటే ఎత్తుంటే రైల్వే అనుమతి తీసుకుని, వాళ్లు కరెంటు ఆపి, రైళ్లు లేని వేళ ఇచ్చినప్పుడే దాటాలి.

మూడోది మలుపులు. పొడవాటి ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఊళ్లో జంక్షన్ దగ్గర మూల మీద ఉన్న కొట్టు రేకు, డివైడర్ రాయి, స్తంభం అన్నీ ముందే చూసుకోవాలి.

నాలుగోది ఆగే చోటు. ఇంత పెద్ద బండిని ఏ ధాబా ముందు పడితే ఆ ధాబా ముందు ఆపలేం. రాత్రికి ఎక్కడ నిలపాలో ముందే నిర్ణయించుకోకపోతే రోడ్డు మీదే నిలపాల్సి వస్తుంది. చీకట్లో వెనక నుంచి వచ్చే బైకు దానికే గుద్దుకుంటుంది.

ఎవరి అనుమతి?

జాతీయ రహదారుల మీద పోవడానికి కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పుల్లర్ నంబరు, ట్రైలర్ నంబరు, సరుకు పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, ఒక్కో యాక్సిల్ మీద ఎంత, ఏ దారిలో, ఏ తేదీల్లో అన్నీ రాయాలి. హైవే దిగి గనికి పోయే రాష్ట్ర రోడ్లకు ఆయా రాష్ట్ర శాఖల అనుమతి వేరే. మన ఉదాహరణలో అటు ఆంధ్రప్రదేశ్, ఇటు తెలంగాణ, రెండు రాష్ట్రాల పని ఉంటుంది. దారిలో పోలీసులకు, కరెంటు వాళ్లకు ముందే చెప్పాలి.

ఆ పర్మిట్ ఊరికే ‘వెళ్లండి’ అని చెప్పే కాగితం కాదు. అందులో షరతులు ఉంటాయి. ఏ వేళ నడపాలి, ఎంత వేగం, ముందూ వెనకా పైలట్ బండ్లు, ఎర్ర జెండాలు, రాత్రి లైట్లు. వంతెన మీద వేరే బండి లేకుండా, మధ్య గీత మీదుగా, నడక వేగంతో, బ్రేక్ కొట్టకుండా దాటాలి. బండి మీద మరో బండి నంబరు ఉన్నా, దారి మార్చినా, తేదీ దాటినా ఆ పర్మిట్ చెల్లదు. ‘అదే కంపెనీ బండి కదా’ అంటే కుదరదు.

రోజుకు 20 కిలోమీటర్లు

ఇప్పుడు అందరూ ఎక్కువగా దెబ్బతినే కాగితం దగ్గరికి వద్దాం. అదే ఈ-వే బిల్లు. 50 వేల రూపాయలు దాటిన సరుకు రోడ్డెక్కితే సాధారణంగా ఇది ఉండాలి. దీనికి గడువు ఉంటుంది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. ఓడీసీకి ప్రతి 20 కిలోమీటర్లకు ఒక రోజు.

మన 350 కిలోమీటర్లకు లెక్క వేయండి. మామూలు సరుకుగా అయితే 2 రోజులు. ఓడీసీగా అయితే 18 రోజులు. ఒకే దారి, ఒకే లారీ, గడువులో 16 రోజుల తేడా.

బిల్లు తయారు చేసేటప్పుడు పోర్టల్‌లో ఒక చోట ‘రెగ్యులర్’ లేదా ‘ఓవర్ డైమెన్షనల్ కార్గో’ అని ఎంచుకోమంటుంది. ఆఫీసులో గుమాస్తా అలవాటుగా రెగ్యులర్ నొక్కేస్తాడు. బండి అనకాపల్లి దాటి, తుని దాటి, మూడో రోజు ఎక్కడో నిలిచి ఉంటుంది. అప్పటికే బిల్లు గడువు అయిపోయి ఉంటుంది. అధికారులు ఆపితే సరుకును, బండిని పట్టి ఉంచొచ్చు. విడిపించుకోవాలంటే కట్టాల్సిన పన్నుకు రెండింతలు లేదా అంతకంటే ఎక్కువ జరిమానా. ఆ డబ్బు యజమానులు చూసుకుంటారు సరే, అది తేలేదాకా బండిని కనిపెట్టుకుని రోడ్డు పక్కన పడుకునేది డ్రైవర్, క్లీనర్.

గడువు చాలదనిపిస్తే పొడిగించుకోవచ్చు. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల తర్వాత వరకు ఆ అవకాశం ఉంది. అది దాటితే లేదు. కాబట్టి బండి చెడినా, వాన పడినా, రైల్వే వాళ్లు ఆపినా డ్రైవర్ వెంటనే ఆఫీసుకు ఫోన్ చేయాలి. ‘పొద్దున చెప్దాంలే’ అనుకుంటే ఆ 8 గంటలు గడిచిపోతాయి.

రోజుకు 20 కిలోమీటర్లు మరీ నెమ్మది అనిపిస్తే, ఒక నిజమైన ప్రయాణం గుర్తు చేసుకుందాం. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం కోసం మహారాష్ట్రలోని అంబర్‌నాథ్‌లో తయారైన ఏరోస్పేస్ ఆటోక్లేవ్ 2019 జులైలో రోడ్డెక్కింది. బరువు సుమారు 70 టన్నులు, బండికి 74 చక్రాలు. దాదాపు 1,700 కిలోమీటర్ల దారి. తిరువనంతపురం చేరింది 2020 జులైలో. ఏడాది పట్టింది. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి మన ఆంధ్రప్రదేశ్‌లోనే కొంతకాలం ఆగిపోయింది. దారి పొడవునా కరెంటు తీగలు తప్పిస్తూ, చెట్ల కొమ్మలు కొడుతూ, అవసరమైన చోట రోడ్డు బాగు చేసుకుంటూ జట్టు మొత్తం దాని వెంట నడిచింది. ఈ పనిలో నెమ్మది అంటే బద్ధకం కాదు, పద్ధతి.

టోల్ బోర్డు చదివారా?

ఈసారి టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు బోర్డు చూడండి. కారు, బస్సు, లారీల కింద ‘భారీ నిర్మాణ యంత్రాలు’ అని ఒక వరుస, ఏడు అంతకంటే ఎక్కువ యాక్సిళ్లున్న ‘ఓవర్‌సైజ్డ్’ బండ్లకు ఇంకో వరుస ఉంటాయి. ఆ చివరి వరుసలే వీళ్లవి. మిగతా గేట్లలో పట్టవు కాబట్టి చివరన వెడల్పుగా ఉన్న లైన్ నుంచి పోతాయి. సొంత బండి మీద కిరాయి మాట్లాడుకునేవారు ఈ టోల్ రేటు ముందే లెక్కలో వేసుకోవాలి. లారీ టోల్ అనుకుని ఒప్పుకుంటే మిగిలేది డీజిల్ అప్పే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం తల పైన

ఈ పనిలో చాలామంది భయపడేది ఘాట్ రోడ్డుకు, బ్రేకులకు. వాటికి భయపడాల్సిందే. కానీ కంటికి ఆనని ప్రమాదం తీగ. ఊళ్ల మధ్య 11 వేల వోల్టుల లైన్లు రోడ్డు దాటుతుంటాయి. ఎండాకాలం వేడికి తీగ ఇంకా కిందికి సాగుతుంది. రూట్ సర్వే రోజు ఉన్న ఎత్తు బండి వచ్చే రోజు ఉండకపోవచ్చు.

అలాంటప్పుడు జరిగేది ఏమిటో లారీ పనిలో ఉన్న అందరికీ తెలుసు. క్లీనర్ కుర్రాణ్ని లోడు పైకి ఎక్కిస్తారు. చేతికి ఒక వెదురు కర్ర ఇస్తారు. ‘తీగ లేపి పట్టుకో, బండి దాటేస్తాం’ అంటారు. ఎండు కర్రకు కరెంటు రాదని నమ్మకం. కర్ర మీద మంచు ఉంటుంది, చెమట ఉంటుంది. 11 వేల వోల్టులకు తగలడం కూడా అక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు. నిలబడింది ఇనుము మీద.

దీనికి సరైన పద్ధతి ఒక్కటే. కరెంటు శాఖ వాళ్లు వచ్చి లైన్ ఆపాలి, ఆపామని చెప్పాలి, వాళ్ల మనుషులే తీగ ఎత్తాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 1912కు ఫోన్ చేయొచ్చు. వాళ్లు వచ్చేదాకా బండి ఆగాల్సిందే. రెండు గంటలు పడుతుందా, నాలుగు గంటలు పడుతుందా అనేది తర్వాత మాట.

ఒకవేళ లోడు తీగకు తగిలితే డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి, ఇనుము ముట్టుకోకూడదు. కింద ఉన్నవాళ్లు ఎవరూ బండి దగ్గరికి రాకూడదు. బండికి నిప్పంటుకుని దిగక తప్పకపోతే, బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, కాళ్లు ఎడం చేయకుండా చిన్న చిన్న అడుగులతో దూరం జరగాలి. ఈ నాలుగు మాటలు క్లీనర్‌గా వెళ్లే ప్రతి కుర్రాడికీ ఇంట్లోనే చెప్పి పంపండి.

తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194వ సెక్షన్ చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఓవర్‌లోడ్‌కు 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. లోడు పక్కలకు, ముందుకు, వెనక్కు లేదా పైకి హద్దు దాటి పొడుచుకువస్తే 20 వేలు. తూకం వేయించుకోకుండా తప్పించుకుంటే 40 వేలు. చట్టం మొదట పేర్కొనేది ‘నడిపేవాణ్ని’. నడిపించినవాడు, నడపనిచ్చినవాడు ఆ తర్వాత. అంటే యజమాని చెప్పాడు కాబట్టి తీశాను అన్న మాట డ్రైవర్‌ను కాపాడదు.

అదే సెక్షన్‌లో మినహాయింపు కూడా ఉంది. సంబంధిత అధికారి ఆ లోడుకు అనుమతి ఇచ్చి ఉంటే హద్దు దాటిన కొలతలకు ఈ జరిమానా వర్తించదు. కాబట్టి పర్మిట్ అనేది యజమాని ఫైలులో ఉండాల్సిన కాగితం మాత్రమే కాదు, డ్రైవర్‌కు అది డాలు. అది ఆఫీసులో ఉండి, డ్రైవర్ రోడ్డు మీద ఉంటే ప్రయోజనం లేదు.

ఇన్సూరెన్స్ విషయం కూడా అంతే. లోడు హద్దు దాటి, పర్మిట్ లేకుండా పోతూ ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్స్ కంపెనీ మొదట వెతికేది ఆ లోపాన్నే. సరుకు ఇన్సూరెన్స్ వేరు, బండి ఇన్సూరెన్స్ వేరు, మనిషి ఇన్సూరెన్స్ వేరు. సొంత బండి తానే నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. ఆ 15 లక్షలు జీతానికి ఉన్న డ్రైవర్‌కు, క్లీనర్‌కు వర్తించవు. వాళ్ల కోసం పాలసీలో విడిగా కొద్ది ప్రీమియం కట్టి కవర్ చేర్చాలి. అది చేర్చారో లేదో పాలసీ కాగితం చూస్తే తెలిసిపోతుంది. అడగడానికి మొహమాటం ఎందుకు?

తాళం తిప్పే ముందు

మీ ఇంట్లో భర్తో, అన్నో, కొడుకో ఇలాంటి లోడుకు బయల్దేరుతుంటే ఈ ప్రశ్నలు అడగమని చెప్పండి. జవాబులన్నీ ఫోన్‌లో ఫొటోలుగా కాదు, వీలైనంతవరకు చేతిలో కాగితాలుగా ఉండాలి.

1. ఓడీసీ పర్మిట్ ఉందా? అందులో ఉన్న పుల్లర్ నంబరు, ట్రైలర్ నంబరు ఈ బండివేనా?

2. పర్మిట్‌లో రాసిన వెడల్పు, ఎత్తు, బరువు మనం టేపుతో కొలిచినవాటికి, కాటా చీటీకి సరిపోతున్నాయా?

3. ఈ-వే బిల్లులో ‘ఓవర్ డైమెన్షనల్ కార్గో’ అని ఉందా? గడువు ఏ తేదీ దాకా?

4. రూట్ సర్వే చేసింది ఎవరు? తక్కువ ఎత్తు చోట్లు, తీగలు, రాత్రి ఆగే చోట్ల జాబితా ఇచ్చారా?

5. పైలట్ బండి ఉందా? దాని డ్రైవర్ ఫోన్ నంబరు ఉందా?

6. లైసెన్స్‌లో ఈ తరగతి బండి నడపడానికి అనుమతి ఉందా?

7. పాలసీలో డ్రైవర్, క్లీనర్ కవర్ ఉందా? దాని కాపీ ఒకటి ఇంట్లో ఉందా?

వీటిలో ఏ ఒక్కదానికి ‘తర్వాత పంపిస్తాం’ అనే జవాబు వచ్చినా బండి తీయకపోవడమే మేలు. ఒక కిరాయి పోతుంది, నిజమే. ఇంటి అద్దె, పిల్లల ఫీజు కళ్ల ముందు మెదులుతాయి. కానీ ఆ ఒక్క రాత్రి కాదన్న డ్రైవర్‌ను మంచి ట్రాన్స్‌పోర్టర్ వదులుకోడు. కాగితం అడిగే డ్రైవర్ తన సరుకును కూడా అంతే జాగ్రత్తగా చేరుస్తాడని అతనికి తెలుసు. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033 హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు కూడా రాసి పెట్టుకోండి.

రోడ్డు మీద వెళ్లే మిగతావాళ్లకూ ఒక మాట. ఈసారి ముందు పసుపు లైటు జీపు, వెనక భారీ ట్రైలర్ కనిపిస్తే హారన్ కొట్టకండి. వంతెన మీద ఓవర్‌టేక్ చేయకండి. మలుపు తిరిగేటప్పుడు లోపలి పక్కకు దూరకండి, దాని వెనక చక్రాలు అటే వస్తాయి. మీకు పది నిమిషాలు ఆలస్యం అవుతుంది. ఆ క్యాబిన్‌లో ఉన్నవాళ్లు ఇల్లు వదిలి ఎన్ని రోజులైందో, ఇంకెన్ని రోజులకు చేరతారో వాళ్ల ఇంట్లోవాళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు.